గుంట ఒకటే, లెక్కలు మూడు: ఫ్లట్టర్ యాప్‌లో స్టేట్ తప్పులు ఎక్కడ పుడతాయి?

పాఠకురాలి ప్రశ్న: మాది కావలి దగ్గర ఒక పల్లె. మా నాయన ఎనిమిది రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని వనామీ సాగు చేస్తున్నారు. ఇంజనీరింగ్ చదువు అయ్యాక ఫోన్ యాప్‌లు రాసే ఫ్లట్టర్ నేర్చుకుని, గట్టు మీద పనివాళ్లు మేత, నీటిలో ఆక్సిజన్, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ నడుస్తున్నదీ లేనిదీ రాసుకోవడానికి ఒక యాప్ తయారుచేశాను. అందులో ఐదు ఇబ్బందులున్నాయి. మూడో గుంటకు 12 కిలోల మేత రాసి వెనక్కి వస్తే జాబితాలో పాత లెక్కే కనబడుతుంది. యాప్ మూసి తెరిస్తే సరిగా ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న గుంట పైకి వచ్చేలా వరుస మారినప్పుడు ఒక గుంట ఏరియేటర్ గుర్తు మరో గుంట దగ్గర కనబడుతుంది. సిగ్నల్ సరిగా లేని చోట సేవ్ నొక్కి వెనక్కి వచ్చేస్తే తప్పు సందేశాలు చూపే కన్సోల్‌లో ‘సెట్‌స్టేట్ కాల్డ్ ఆఫ్టర్ డిస్పోజ్’ అని వస్తుంది. పనివాళ్లు బటన్‌ను రెండుసార్లు నొక్కితే 12 కిలోలు 24 అవుతాయి. కొన్ని ఫోన్లలో మేత అంకె రాయబోతే కీబోర్డు తెరుచుకుని వెంటనే మూసుకుపోతుంది, రాసింది పోతుంది. యాప్ గుర్తుపెట్టుకునే విషయాలను, అంటే స్టేట్‌ను, నడపడానికి బ్లాక్ అనే ప్యాకేజీ (సిద్ధంగా దొరికే కోడ్) వాడమని ఒకరు, రివర్‌పాడ్ వాడమని మరొకరు అంటున్నారు. దేనికి మారితే ఈ తప్పులు పోతాయి?

సమాధానం: మీ లేఖతో పాటు పంపిన నాలుగు ఫైళ్లనూ నిదానంగా చదివాను. మీరు రాసినవి ఐదు ఇబ్బందులే అయినా వాటికి మూలాలు మూడు. ఒక విషయాన్ని ఎవరు గుర్తుపెట్టుకోవాలో తేల్చకపోవడం మొదటిది. ఆ గుర్తు ఎంతకాలం బతకాలో తేల్చకపోవడం రెండవది. ఒక పని ఏ దశలో ఉందో పేరు పెట్టి చెప్పకపోవడం మూడవది. ఈ మూడింటినీ తేల్చకుండా బ్లాక్‌కు మారినా, రివర్‌పాడ్‌కు మారినా, ఉన్న తప్పులే కొత్త ఫైళ్లలోకి వచ్చి కూర్చుంటాయి. అందువల్ల ప్యాకేజీ సంగతిని చివరకు ఉంచి, ముందు మీ యాప్‌లో అంకె ఎక్కడ పుట్టి ఎక్కడికి వెళ్తున్నదో చూద్దాం.

ఇది చిన్న విషయం కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. వనామీ సాగులో అన్నిటికంటే పెద్ద ఖర్చు మేతదే. వేసిన మేత వేయలేదని యాప్ చూపిస్తే మరోసారి వేస్తారు. మిగిలిపోయిన మేత అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తుంది. రాత్రంతా గుంటలోని జీవులన్నీ ఆక్సిజన్‌ను వాడుకోవడమే తప్ప వెలుతురు లేక కొత్తగా పుట్టేది ఉండదు గనుక, తెల్లవారుజామున అది అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ ఐదో గుంట ఏరియేటర్ ఆగి ఉండగా మీ తెర మీద నడుస్తున్నట్టు కనబడితే, ఆ తప్పుకు కన్సోల్‌లో ఎర్ర అక్షరాలు కూడా రావు. యాప్ పడిపోవడం కంటే యాప్ తప్పు చెప్పడం ప్రమాదకరమని నేను గట్టిగా నమ్ముతాను. పడిపోయిన యాప్‌ను పక్కన పెట్టి మనిషి గట్టు మీదికి వెళ్లి చూస్తాడు, తప్పు చెప్పే యాప్‌ను నమ్మి నిద్రపోతాడు.

పాత పద్ధతిలో ఆండ్రాయిడ్ యాప్ రాసేవారు తెర మీద ఉన్న అక్షరాల పెట్టెను వెతికి పట్టుకుని, అందులోని అంకెను తమ చేత్తో మార్చేవారు. 2013లో బయటికి వచ్చిన రియాక్ట్, ఆ తరువాత 2018 డిసెంబరులో 1.0గా విడుదలైన ఫ్లట్టర్, 2021లో స్థిరమైన రూపానికి వచ్చిన జెట్‌ప్యాక్ కంపోజ్, ఇవన్నీ వేరే దారి పట్టాయి. ఇక్కడ మీరు తెరను మార్చరు. స్టేట్‌ను మారుస్తారు, ఆ స్టేట్‌ను బట్టి తెర మళ్లీ గీయబడుతుంది. కనుక తెర మీద తప్పు కనబడితే కారణాలు రెండే ఉండగలవు: ఆ తెర చదువుతున్న స్టేటే తప్పుగా ఉండాలి, లేదా స్టేట్ మారిన కబురు ఆ తెరకు చేరకపోయి ఉండాలి.

ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలుసుకోవడానికి మీ చేతిలోనే ఒక మంచి సాధనం ఉంది. తప్పు అంకె కనబడుతున్నప్పుడు ఏమీ మార్చకుండా హాట్ రీలోడ్ చేయండి. హాట్ రీలోడ్, అంటే యాప్ ఆపకుండా కోడ్‌ను మళ్లీ ఎక్కించడం, తెర గీసే ఫంక్షనైన బిల్డ్‌ను మళ్లీ నడుపుతుంది గానీ తెర పుట్టినప్పుడు ఒక్కసారే నడిచే ఇనిట్‌స్టేట్‌ను నడపదు, ఉన్న స్టేట్‌ను అలాగే ఉంచుతుంది. అంకె సరిపోయిందంటే స్టేట్ ముందే మారింది, కబురే అందలేదు. అంకె అలాగే తప్పుగా ఉందంటే ఆ తెర పాత ప్రతిని పట్టుకుని కూర్చుంది. మీ యాప్‌లో జాబితా తెర మీద ఇలా చేస్తే అంకె మారదు. అలాగే పాత అంకె చూపుతున్న రోజు మొత్తం తెర మీద చేస్తే మారుతుంది. అంటే, చూడడానికి ఒకేలా ఉన్న ఈ రెండు తప్పులూ వేర్వేరు జాతులవి.

ముందు జాబితా తెర సంగతి. మీరు జాబితా తెర ఇనిట్‌స్టేట్‌లో, ఫోన్‌లోని డేటాబేస్ అయిన ఎస్‌క్యూలైట్ నుండి ఎనిమిది గుంటల లెక్కలనూ చదివి ఒక చలరాశిలో పెట్టుకున్నారు. గుంట వివరాల తెర తెరిచినప్పుడు ఆ గుంట లెక్కను దానికి అందించారు. అది తన ఇనిట్‌స్టేట్‌లో మరో ప్రతి తీసుకుంది. సేవ్ నొక్కినప్పుడు ఆ ప్రతి మారింది, డేటాబేస్ మారింది. జాబితా తెరలోని ప్రతి మాత్రం మారలేదు. తెరలను మార్చే నావిగేటర్ కొత్త తెరను పాత తెర మీద పరుస్తుందే గాని పాతదాన్ని తీసివేయదు. మీరు వెనక్కి వచ్చినప్పుడు కనబడేది కొత్తగా పుట్టిన జాబితా కాదు, ఇందాకటి నుండీ కింద బతికి ఉన్న జాబితాయే. దాని ఇనిట్‌స్టేట్ ఒక్కసారి నడిచి అయిపోయింది, మళ్లీ నడవదు. యాప్ మూసి తెరిచినప్పుడు అది కొత్తగా పుట్టి డేటాబేస్‌ను కొత్తగా చదువుతుంది గనుక లెక్క సరిపోతోంది. కావలి బజారులోని మేత కొట్టులో ఒక ఖాతా, గట్టు మీది కాపలా గుడిసెలో ఒక ఖాతా, ఇంట్లో మీ నాయన దగ్గర ఒక ఖాతా ఉండి, వారానికి ఒకసారి మాత్రమే మూడింటినీ సరిచూసుకుంటే మధ్య రోజుల్లో ఏమవుతుందో మీ యాప్‌లోనూ అదే అవుతోంది.

దీనికి చాలామంది చేసే సర్దుబాటు, వివరాల తెర మూసుకోగానే జాబితాను మళ్లీ చదివించడం. మీరూ ఒక ఫైల్‌లో ఆ పని మొదలుపెట్టి ఆపినట్టు కనబడుతోంది. ఆపినందుకు సంతోషం. ఆ సర్దుబాటు రెండు తెరల మధ్య పనిచేస్తుంది. మూడో తెర వచ్చిన రోజున, నోటిఫికేషన్ నొక్కి నేరుగా వివరాల తెరకు వచ్చిన రోజున మళ్లీ మొదటికి వస్తుంది.

సరైన దారి ఇది. గుంటల లెక్కలన్నీ ఉండే తరగతి (క్లాస్) ఒక్కటి రాయండి; దానికి ‘గుంటల ఖాతా’ అని పేరు పెట్టుకోండి. డేటాబేస్‌ను చదివేదీ అందులో రాసేదీ అదొక్కటే కావాలి. జాబితా తెర, వివరాల తెర, రోజు మొత్తం తెర ఈ ఖాతాను చూసి గీసుకుంటాయి తప్ప తమ సొంత ప్రతిని ఉంచుకోవు. వివరాల తెరకు గుంట లెక్కను అందించకండి, గుంట సంఖ్యను మాత్రం అందించండి. ఆ సంఖ్యతో అది ఖాతాను అడిగి చూసుకుంటుంది. ఈ ఒక్క మార్పుతో ప్రతి తీసుకునే అవకాశమే పోతుంది.

ఆ ఖాతాను విడ్జెట్ల (తెర మీది భాగాల) చెట్టులో ఎక్కడ ఉంచుతారన్నది కూడా జాగ్రత్తగా చూడవలసిన విషయం. జాబితా తెర లోపల ప్రొవైడర్ (ఖాతాను కింది విడ్జెట్లకు అందించే ప్యాకేజీ) పెట్టి, వివరాల తెరలో దాన్ని అడిగితే ‘ప్రొవైడర్ నాట్ ఫౌండ్’ అనే తప్పు వస్తుంది. జాబితా నుండే తెరిచాం గనుక వివరాల తెర దానికి బిడ్డ అవుతుందని మనం అనుకుంటాం. విడ్జెట్ల చెట్టులో మాత్రం ఆ రెండూ నావిగేటర్ కింద పక్కపక్కన ఉన్న తోబుట్టువులు. రెండింటికీ కనబడాలంటే ఖాతా నావిగేటర్ కంటే పైన, అంటే యాప్ అంతటినీ కప్పే మెటీరియల్‌యాప్ విడ్జెట్‌కు పైన ఉండాలి.

ఇక రోజు మొత్తం తెర. అక్కడ నమోదుల జాబితాను, విలువ మారితే తెరకు కబురు పంపే వాల్యూనోటిఫయర్‌లో పెట్టి, కొత్త నమోదును ఆ జాబితాకే యాడ్ చేశారు. వాల్యూనోటిఫయర్ కబురు పంపేది, తనలో ఉన్న విలువ స్థానంలో దానికి సమానం కాని మరో విలువ వచ్చి చేరినప్పుడే. మీరు సంచీ మార్చలేదు, సంచీ లోపల మరో వస్తువు వేశారు. బయట నుండి చూసేవాడికి అది అదే సంచీ. పాత నమోదులకు కొత్తదాన్ని కలిపి కొత్త జాబితా చేసి ఆ స్థానంలో పెట్టండి, కబురు వెళ్తుంది. మీకు సలహా ఇచ్చిన ఇద్దరి ప్యాకేజీలలోనూ ఇదే నియమం ఉంది: బ్లాక్‌లో పాత స్టేట్‌కు సమానమైన స్టేట్‌ను ఎమిట్ చేస్తే (పంపితే) అది పట్టించుకోదు, రివర్‌పాడ్ నోటిఫయర్‌లో కూడా జాబితాను లోపల మార్చి ఊరుకుంటే తెర కదలదు. అందుకే ఈ అలవాటును ఇప్పుడే మార్చుకోవాలి.

ఇదే తెరలో ‘మొత్తం మేత’ అనే అంకెను వేరే చలరాశిలో దాచారు. దయచేసి దాన్ని తీసివేయండి. నమోదుల నుండి లెక్కగట్టగలిగిన దేనినీ దాచకూడదు. కొన్నేళ్ల క్రితం ప్రకాశం జిల్లాలో మా బంధువు ఒకాయన కోసం పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఖర్చుల యాప్ ఒకటి రాసినప్పుడు కట్టెల మొత్తాన్ని ఇలాగే వేరుగా దాచాను. ఒకరోజు ఆయన పొరపాటున రాసిన కట్టెల బండిని కొట్టివేశారు. వరుసలో బండి పోయింది, మొత్తంలో పోలేదు. ఆ సీజనంతా ఆయన పక్కన నోటు పుస్తకం పెట్టుకుని యాప్‌ను సరిచూశారు. ఒకసారి పోయిన నమ్మకం తప్పు దిద్దిన రోజున తిరిగి రాలేదు. ఎనిమిది గుంటలకు రోజుకు నాలుగైదు నమోదులను కూడడం ఫోన్‌కు లెక్కలోకి వచ్చే పని కాదు. తెర గీసిన ప్రతిసారీ కూడనివ్వండి.

రెండో ఇబ్బంది, గుర్తులు ఒక గుంట నుండి మరో గుంటకు మారడం, నాకు అన్నిటికంటే భయం కలిగించింది. జాబితాలోని ప్రతి కార్డూ ఏరియేటర్ గుర్తును తన స్టేట్‌లో దాచుకుంది. ఫ్లట్టర్ తెరను మళ్లీ గీసేటప్పుడు పాత విడ్జెట్‌కూ కొత్త విడ్జెట్‌కూ జత కుదర్చడానికి రెండే చూస్తుంది: వాటి రకం, వాటి కీ (మనం ఇచ్చే గుర్తింపు). మీ కార్డులన్నీ ఒకే రకం, దేనికీ కీ లేదు. అప్పుడు మిగిలేది వరుసలో స్థానం ఒక్కటే. మూడో స్థానంలో ఉన్న స్టేట్ మూడో స్థానంలోనే ఉండిపోతుంది, ఆ స్థానంలోకి ఏ గుంట వచ్చి కూర్చున్నా సరే. టంగుటూరు వేలం కేంద్రంలో పొగాకు బేళ్లను వరుసగా పేర్చినప్పుడు ప్రతి బేలుకూ చీటీ ఉంటుంది. వరుసలో ఎన్నోదన్న దాన్ని బట్టి రైతుకు డబ్బు లెక్కగట్టరు. చీటీ లేకుండా బేళ్లను అటూ ఇటూ జరిపితే ఎవరి పొగాకు ఎవరిదో తేలదు. మీ కార్డులకు ఇప్పుడు ఆ చీటీ లేదు.

ప్రతి కార్డుకూ గుంట సంఖ్యతో వాల్యూకీ ఇవ్వండి. వరుసలో స్థానాన్ని కీగా ఇవ్వకండి. అది కీ లేకపోవడంతో సమానం. బిల్డ్ లోపల యూనిక్‌కీ ఇవ్వమని ఎవరైనా చెబితే అదీ వద్దు; గీసిన ప్రతిసారీ కొత్త కీ పుట్టి, కార్డు స్టేట్ ప్రతిసారీ చచ్చి పుడుతుంది. అయితే కీ ఇచ్చినంత మాత్రాన ఇక్కడ పని పూర్తి కాదు. కార్డు విప్పి ఉందా ముడిచి ఉందా అన్నది కార్డుకు చెందిన విషయం, దాన్ని కార్డు స్టేట్‌లోనే, స్టేట్ మార్చి తెర గీయించే సెట్‌స్టేట్‌తో నడుపుకోవచ్చు. ఏరియేటర్ నడుస్తోందా అన్నది గుంటకు చెందిన విషయం, అది గుంటల ఖాతాలోనే ఉండాలి. యాప్ మూసి తెరిచాక కూడా నిలవవలసిన విషయమా, మరో తెరకు కూడా కావలసిన విషయమా అని అడిగి చూడండి. రెండింటిలో ఒక దానికైనా అవునని జవాబు వస్తే దాని చోటు ఖాతా.

ఏరియేటర్ గుర్తు గురించి మరొక మాట. మీ యాప్ ఏరియేటర్‌ను నడపదు, పనివాడు చెప్పినదాన్ని చూపుతుంది. కనుక ‘నడుస్తోంది’ అని మాత్రమే చూపడం సరికాదు. ‘రాత్రి 11:40కి నడుస్తోంది’ అని వేళతో పాటు చూపండి. ఆక్సిజన్ అంకెకూ అంతే. లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైన ఉండాలని మీవాళ్లు కనిపెట్టుకుని ఉంటారు కదా. మూడు గంటల కిందటి 4.6 చూసి ధైర్యపడితే ఈ క్షణాన ఉన్నది వేరే కావచ్చు. నిర్ణీత వ్యవధి దాటిన అంకె రంగు మారి కనబడాలి. ఆ వేళను కూడా స్టేట్‌లో భాగంగానే దాచాలి, తెర గీసిన వేళను కాదు.

మూడో ఇబ్బంది, ‘సెట్‌స్టేట్ కాల్డ్ ఆఫ్టర్ డిస్పోజ్’. సేవ్ నొక్కగానే మీరు సర్వర్ జవాబు కోసం అవెయిట్ చేస్తున్నారు, అంటే అది వచ్చేదాకా ఆగుతున్నారు. గట్టు మీద సిగ్నల్ బలహీనంగా ఉండి ఆ జవాబు ఇరవై సెకన్లకు వచ్చేసరికి పనివాడు వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తెర స్టేట్ డిస్పోజ్ అయింది, అంటే తీసివేయబడింది. లేని తెరను మార్చమని మీ కోడ్ అడుగుతోంది. అవెయిట్ తరువాత మౌంటెడ్ (తెర ఇంకా చెట్టులో ఉంది) అవునో కాదో చూసి, కాకపోతే ఊరుకోవడం అందరూ చెప్పే మందు. తెర మీద సందేశం చూపడం, నావిగేటర్‌ను పిలవడం వంటి పనులకు అది తప్పక కావాలి. చెట్టులో విడ్జెట్ చోటును చెప్పే కాంటెక్స్ట్‌ను అవెయిట్ తరువాత వాడే ప్రతిచోటా కాంటెక్స్ట్ మౌంటెడ్‌ను అడగండి. కానీ మీ కోడ్‌లో ఆ తనిఖీ ఒక్కటే పెడితే నష్టం జరుగుతుంది. సర్వర్ జవాబు వచ్చాక ఎస్‌క్యూలైట్‌లో రాసే కోడ్ వరుస కూడా ఆ తనిఖీ కిందే పడుతుంది. తెర మూసుకుపోతే ఆ వరుస నడవదు. మేత లెక్క సర్వర్‌లో ఉంటుంది, ఫోన్‌లో ఉండదు, కన్సోల్ మాత్రం శుభ్రంగా కనబడుతుంది.

తెర జీవితకాలం వేరు, సేవ్ అనే పని జీవితకాలం వేరు. పనివాడు తెర మూసినంత మాత్రాన వేసిన మేత వెనక్కి రాదు కదా. అందువల్ల సేవ్ పనిని తెర నుండి తీసి ఖాతాకు అప్పగించండి. క్రమాన్ని కూడా తిరగేయండి: ముందు ఫోన్‌లోని ఎస్‌క్యూలైట్‌లో ‘ఇంకా పంపలేదు’ అనే గుర్తుతో రాయాలి, తెర దాన్ని వెంటనే చూపాలి, ఆ తరువాత సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కు పంపి గుర్తు తీసివేయాలి. పంపలేదన్న గుర్తును తెర మీద దాచకండి. నమోదు పక్కన చిన్న గడియారం బొమ్మ చాలు. పనివాడికి తన మాట ఇంటికి చేరిందో లేదో తెలియాలి.

మీ వివరాల తెరలో పది సెకన్లకొకసారి ఆక్సిజన్ అంకెను తెచ్చే టైమర్ ఉంది, దాన్ని డిస్పోజ్‌లో ఆపలేదు. ఆ తప్పు సందేశాన్ని పూర్తిగా చదివితే టైమర్లను డిస్పోజ్‌లో ఆపడమే మేలైన పరిష్కారమని ఫ్లట్టరే చెబుతుంది, మౌంటెడ్ తనిఖీని ఆ తరువాతే చెబుతుంది. టైమర్లు, స్ట్రీమ్ సబ్‌స్క్రిప్షన్లు, టెక్స్ట్ ఎడిటింగ్ కంట్రోలర్లు, వీటిలో ఇనిట్‌స్టేట్‌లో పుట్టిన ప్రతిదానికీ డిస్పోజ్‌లో ఒక వరుస ఉండాలి. సెట్‌స్టేట్‌కు ఇచ్చే ఫంక్షన్‌ను మీరు ఒకచోట ఎసింక్‌గా (లోపల అవెయిట్ ఉండేలా) రాశారు, అది కూడా తీసివేయండి. అవెయిట్ ముందే ముగించుకుని, వచ్చిన విలువను పెట్టడానికి మాత్రమే సెట్‌స్టేట్‌ను పిలవాలి.

కీబోర్డు తెరుచుకుని మూసుకుపోవడానికి కారణం వెతకడానికి ఎక్కువ సేపు పట్టింది, అందుకే దాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను. మీ వివరాల తెర బిల్డ్ లోపలే డేటాబేస్‌ను చదివే ఫ్యూచర్‌ను (తరువాత రాబోయే జవాబును) పుట్టించి, దాని దశను బట్టి తెర గీసే ఫ్యూచర్‌బిల్డర్‌కు ఇస్తున్నారు. అదే బిల్డ్‌లో తెర ఎత్తు కోసం మీడియాక్వెరీని అడుగుతున్నారు. పనివాడు అంకె రాయడానికి పెట్టెను తాకగానే కీబోర్డు పైకి వస్తుంది. మీడియాక్వెరీలోని కొలతలు మారతాయి. వాటిని అడిగిన మీ బిల్డ్ మళ్లీ నడుస్తుంది. కొత్త ఫ్యూచర్ పుడుతుంది. ఫ్యూచర్‌బిల్డర్ మళ్లీ వేచి ఉండే దశకు వెళ్తుంది. ఆ దశలో మీరు ఫారం తీసి తిరిగే చక్రాన్ని చూపుతున్నారు. ఫారం చెట్టులో నుండి పోయింది గనుక పెట్టె పోయింది, రాసిన అంకె పోయింది, కీబోర్డుకు ఆధారం పోయి మూసుకుంది. కీబోర్డు మూసుకోగానే కొలతలు మళ్లీ మారతాయి, కథ మళ్లీ మొదలవుతుంది. కొన్ని ఫోన్లలోనే ఇలా కావడం మీకు వింతగా అనిపించి ఉంటుంది. వేగం ఎక్కువ ఉన్న ఫోన్‌లో డేటాబేస్ జవాబు తొందరగా రావడం వల్ల చక్రం కంటికి ఆనకపోవచ్చు గానీ తప్పు అక్కడా ఉంది.

మందు సులువే. బిల్డ్ ఎన్నిసార్లు నడుస్తుందో మన చేతిలో లేదు, కనుక బిల్డ్‌లో దేనినీ మొదలుపెట్టకూడదు. ఫ్యూచర్‌ను ఇనిట్‌స్టేట్‌లో ఒకసారి పుట్టించి పట్టుకోండి. ఖాతా పద్ధతికి మారితే అసలు ఆ ఫ్యూచర్‌బిల్డరే అక్కరలేదు. టెక్స్ట్ ఎడిటింగ్ కంట్రోలర్‌ను కూడా బిల్డ్‌లో పుట్టించారు, దాన్నీ ఇనిట్‌స్టేట్‌కు మార్చండి. ఎత్తు ఒక్కటే కావలసినప్పుడు మీడియాక్వెరీ సైజ్‌ఆఫ్‌ను అడిగితే కీబోర్డు వచ్చినప్పుడు అనవసరంగా బిల్డ్ నడవదు. ఇది మేలే, అయితే అసలు తప్పును దీనితో కప్పిపెట్టకండి.

నాలుగో ఇబ్బంది, 12 కిలోలు 24 కావడం. మీ తెరలో ‘లోడ్ అవుతోంది’, ‘తప్పు జరిగింది’, ‘సేవ్ అయింది’ అని మూడు బూలియన్లు (అవును, కాదు అని మాత్రమే చెప్పే చలరాశులు) ఉన్నాయి. మూడు బూలియన్లకు ఎనిమిది కలయికలు పుడతాయి. వాటిలో నాలుగింటికే అర్థముంది. సేవ్ అయిందీ తప్పు జరిగిందీ రెండూ నిజమైన తెర ఎలా ఉండాలి? మీ కోడ్‌లో ఆ తెర నిజంగానే వస్తుంది, తప్పు వచ్చాక మళ్లీ ప్రయత్నించి విజయం సాధించినప్పుడు పాత బూలియన్‌ను తీయడం మరిచారు. మూడింటినీ తీసివేసి ‘ఖాళీ, పంపుతోంది, అయింది, విఫలమైంది’ అనే నాలుగు దశల్లో ఒకటిగా ఉండే ఒక్క చలరాశి పెట్టండి. ఫ్లట్టర్ యాప్‌లు రాసే భాష అయిన డార్ట్‌లో, 2023లో వచ్చిన డార్ట్ 3లోని సీల్డ్ తరగతులతో రాస్తే, ఏదైనా దశకు తెర రాయడం మరిచినప్పుడు కంపైలరే మిమ్మల్ని ఆపుతుంది.

బటన్ ‘పంపుతోంది’ దశలో నొక్కుడు పడకుండా ఉండాలి. అయితే బటన్ రూపు మారేది తెర మళ్లీ గీసినప్పుడు. ఆలోగా రెండో నొక్కు పడవచ్చు. అందుకని సేవ్ ఫంక్షన్ మొదటి వరుసలోనే, అవెయిట్‌కు ముందే, దశ ‘పంపుతోంది’ అయితే వెనక్కి తిరిగిపోవాలి. ఇంతటితోనూ ఆగకండి. సర్వర్‌కు చేరిన నమోదుకు జవాబు దారిలో పోతే, యాప్ దాన్నే మళ్లీ పంపుతుంది. ఫారం తెరిచినప్పుడే ఆ నమోదుకు ఒక విడి గుర్తింపు సంఖ్య పుట్టించి, ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్యతో పంపండి. అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ కొత్త వరుస కలపకుండా ‘అందింది’ అని మాత్రం జవాబివ్వాలి. తెర మీద ఎంత కాపలా పెట్టినా, లెక్క రెట్టింపు కాకుండా నిజంగా ఆపేది ఇదే.

మీరు అడగనిది ఒకటి ఉంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఫొటో తీయడానికి పనివాళ్లు మీ యాప్ నుండి కెమెరాకు వెళ్తారని మీ ఫైళ్లను బట్టి తెలుస్తోంది. తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలో ఆ సమయాన ఆండ్రాయిడ్ మీ యాప్‌ను వెనుక నుండి తీసివేయవచ్చు; తిరిగి వచ్చేసరికి సగం నింపిన ఫారం ఉండదు. డెవలపర్ ఆప్షన్లలో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ను ఆన్ చేసి ప్రయత్నిస్తే ఇంట్లో కూర్చునే దీనికి దగ్గరి పరిస్థితిని చూడవచ్చు. సగం ఫారంను చిత్తుప్రతిగా ఎస్‌క్యూలైట్‌లో దాచుకుంటే చాలు. మీరు వాడుతున్న ఇమేజ్‌పికర్‌లో పోయిన ఫొటోను తిరిగి అడగడానికి రిట్రీవ్ లాస్ట్ డేటా అనే పద్ధతి ఉంది.

ఇప్పుడు ప్యాకేజీ సంగతి. మీకు ఛేంజ్‌నోటిఫయర్ (మార్పు కబురు పంపే ఫ్లట్టర్ తరగతి), ప్రొవైడర్ చాలు. 2019 గూగుల్ ఐఓ సభలో ఫ్లట్టర్ బృందమే ప్రొవైడర్‌ను ముందుకు తెచ్చింది. ఎనిమిది గుంటల లెక్కకు అది ఈనాటికీ సరిపోతుంది. బిల్డ్‌లో వాచ్ (మార్పులను గమనిస్తూ చదవడం), బటన్ నొక్కినప్పుడు రీడ్ (ఒక్కసారి చదివి ఊరుకోవడం) అన్న తేడా ఒక్కటి పట్టుబడితే దానిలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం రావు. రివర్‌పాడ్, బ్లాక్ మంచివే. మీతో పాటు మరో ఇద్దరు ఈ కోడ్ రాస్తున్నప్పుడు, ఏ మార్పు ఏ సంఘటన వల్ల వచ్చిందో వరుసగా చూడవలసిన అవసరం పడినప్పుడు బ్లాక్ గురించి ఆలోచించండి. గుంటల ఖాతాను విడ్జెట్లతో సంబంధం లేని మామూలు డార్ట్ తరగతిలా రాసి ఉంటే ఆ రోజున మార్పు ఒకటి రెండు రోజుల పని.

మార్చేటప్పుడు అన్నిటినీ ఒకేసారి ముట్టుకోకండి. గుర్తులు గుంటలు మారడం మొదట దిద్దండి, ఎందుకంటే దానికి కీలు ఇవ్వడం ఒక పూట పని, దాని వల్ల జరిగే నష్టం అన్నిటికంటే పెద్దది. తరువాత నమోదుకు గుర్తింపు సంఖ్య. ఆ తరువాత ఖాతా. ఖాతా రాస్తున్నప్పుడే దానికి పరీక్షలు రాయండి: 12 కిలోలు కలిపితే మొత్తం 12 పెరగాలి, అదే సంఖ్యతో మళ్లీ కలిపితే పెరగకూడదు, కొట్టివేస్తే 12 తగ్గాలి. వీటికి ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే నమూనా ఫోన్) అక్కరలేదు, క్షణాల్లో నడుస్తాయి. ఇవన్నీ అయ్యాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మీ నాయన గారి చేత్తోనే ఒక రోజు నమోదులన్నీ రాయించి, సాయంత్రం సిగ్నల్ వచ్చాక సర్వర్‌లోని వరుసలను ఆయన నోటు పుస్తకంతో సరిచూడండి. ఎక్కడైనా తేడా వస్తే ఆ వరుస గుర్తింపు సంఖ్యతో పాటు గుంటల ఖాతా ఫైల్‌ను నాకు మళ్లీ పంపండి, చూస్తాను.